సెట్ వేయించిన రోజు కనబడని డ్యామేజ్: కారు ఆడియో గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో కార్లకు కరెంటు పని చేస్తాను. సెట్లు అమ్మే షాపు కాదు నాది, వైరింగ్ పాడైతే బాగుచేసే పని. అందుకే సెట్ వేయించిన రోజు ఆ బండి నా కంటపడదు, మూడు నెలలకో, ఒక వానాకాలం గడిచాకో వస్తుంది. "అన్నా, పొద్దున్నే స్టార్ట్ కావడంలేదు", "అన్నా, మ్యాట్ కింద నీళ్ళు యాడినుంచి వస్తున్నాయో తెలీడంలేదు" అంటారు. ప్యానెల్ విప్పితే ఎప్పుడో వేసిన జాయింట్ ఒకటి బయటపడుతుంది. ఆ పని చేసినాయన చెడ్డవాడని నేను అనను. ప్యానెల్ మూసేశాక అక్కడ ఎవరూ చూడరు, ఆ రోజు ఇంకో మూడు బండ్లు క్యూలో ఉన్నాయి, అంతే. నన్ను మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

పాట బాగానే వస్తోంది కదా, ఇంక డ్యామేజ్ ఎక్కడుంటుంది?

పాట రావడానికి రెండు వైర్లు ఒకదానికొకటి తగిలితే చాలు. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్‌లో కూడా మొదటి రోజు పాట బ్రహ్మాండంగా వస్తుంది. ఆ జాయింట్ ఎండకు వేడెక్కి, టేపు జిగురు కరిగి జారిపోయి, రాగి పోగులు నల్లబడి, బండి అదురుకు వదులై, అప్పుడు మొదలవుతుంది అసలు కథ. డోర్‌లో చినిగిన ప్లాస్టిక్ షీటు వాన వచ్చేదాకా మాట్లాడదు. ఫ్యూజ్ లేకుండా లాగిన బ్యాటరీ వైరు రేకు అంచుకు ఒరుసుకుని తోలు తెగేదాకా ఏడాదైనా పట్టొచ్చు. కాబట్టి పాట బాగుందా అని చూసి డబ్బులిచ్చి రావద్దు. ప్యానెల్ మూసే ముందు లోపల చూపించమని అడగండి, ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. మంచి పనివాడు దీనికి కోపం తెచ్చుకోడు, తన పని చూపించుకోవడం ఎవరికైనా ఇష్టమే.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ టెర్మినల్ తీయాల్సిందేనా? స్విచ్ ఆఫ్ చేస్తే చాలదా?

చాలదు. తాళంచెవి తీసేసినా స్టీరియో వెనక ఒక వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, గడియారం, సెట్టింగులు గుర్తుండేది దానివల్లే. అది బాడీ రేకుకు తగిలితే అదృష్టం బాగుంటే ఫ్యూజ్ పోతుంది, లేకపోతే లైట్లు, లాకులు నడిపే చిన్న కంప్యూటర్‌లో, అంటే బాడీ కంట్రోల్ యూనిట్‌లో, ఏదో ఒక దారి కాలిపోతుంది. ముందు నెగటివ్ తీయాలి, చివర్లో నెగటివ్‌నే పెట్టాలి. ఎందుకంటే నెగటివ్ ఇంకా ఉండగా పాజిటివ్ విప్పుతూ స్పానర్ పక్కనున్న రేకుకు తగిలిందంటే, ఆ స్పానరే బ్యాటరీకి షార్ట్ అవుతుంది. నెగటివ్ ముందే తీసేస్తే ఆ భయం లేదు.

టెర్మినల్ మళ్ళీ పెట్టాక గడియారం సెట్ చేసుకోవాలి, కొన్ని బండ్లలో పవర్ విండో ఒక్క నొక్కుకు పైకి రావడం మర్చిపోతుంది, అద్దం పూర్తిగా ఎక్కించి స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలావాటికి సరిపోతుంది. స్టీరియోకి కోడ్ అడిగే బండి అయితే ఆ కోడ్ ముందే దగ్గర పెట్టుకోండి.

ఎయిర్‌బ్యాగులకూ ఆడియోకూ ఏం సంబంధం?

చాలా ఉంది, నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కూడా ఇదే. 2021 ఏప్రిల్ నుంచి కొత్త మోడల్ కార్లకు ముందు సీట్ల రెండు ఎయిర్‌బ్యాగులూ తప్పనిసరి, ఇప్పుడు ఆరు ఉన్న బండ్లు కూడా మామూలైపోయాయి. ఆరు అంటే ఆ రెండూ కాక సీటు పక్కన ఒకటి, తలుపు పైన రూఫ్ అంచు వెంబడి కర్టెన్ ఒకటి, రెండు వైపులా. మీరు ట్వీటర్ (సన్న శబ్దాలు పలికే చిన్న స్పీకర్) పెట్టించే ముందరి పిల్లర్, యాంప్ (శబ్దం పెంచే యాంప్లిఫయర్ డబ్బా) దూర్చే సీటు అడుగు, స్టీరియో పక్కనే ఉండే ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్, అన్నీ ఎయిర్‌బ్యాగ్ వైర్లు తిరిగే దారులే.

ఆ వైర్లను కలిపే ప్లగ్గులు, మేం కప్లర్లు అంటాం, మామూలుగా పసుపు రంగులో ఉంటాయి. పసుపు కప్లర్ కనబడితే అక్కడ చెయ్యి ఆగాలి. టెస్ట్ ల్యాంప్ పెట్టకూడదు, మల్టీమీటర్‌తో కొలవకూడదు, దాన్నుంచి కరెంటు తీసుకోవడం అన్న ఆలోచనే రాకూడదు. డాష్‌బోర్డు విప్పాల్సి వస్తే నెగటివ్ తీసి, బండి మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. మాన్యువల్ చేతిలో లేకపోతే కనీసం మూడు నిమిషాలు. నేనైతే టీ తాగి వచ్చి మొదలుపెడతాను, ఎందుకంటే కంట్రోల్ యూనిట్ లోపలి కెపాసిటర్లలో కాసేపు ఛార్జ్ మిగిలి ఉంటుంది. సీటు తీసి కప్లర్ విప్పేసి, మధ్యలో పాట వస్తోందా లేదా అని ఇగ్నిషన్ వేసి చూస్తారు కొందరు. వెంటనే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, కప్లర్ తిరిగి పెట్టినా చాలా బండ్లలో ఆరదు, స్కానర్‌తో తీయించాల్సిందే.

పిల్లర్ మీద ట్వీటర్‌ను పొడవు స్క్రూతో బిగించొద్దు. డాష్‌క్యామ్ వైరు, ట్వీటర్ వైరు కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌కు ముందు నుంచి అడ్డంగా పోకూడదు, కంపెనీ వైరింగ్ పోయే దారిలోనే దానితోపాటు టై వేసుకుని పోవాలి. బ్యాగ్ తెరుచుకునేటప్పుడు దానికి అడ్డున్నది ఏదైనా సరే మనిషి మీదికే వస్తుంది.

"వైర్లు కట్ చేయకుండా వేయండి" అంటే ఎట్ల వేస్తారు?

కప్లర్‌తో. మీ బండి మోడల్‌కు సరిపోయే కప్లర్ సెట్ దొరుకుతుంది, ఒకవైపు కంపెనీ సాకెట్‌లోకి పోతుంది, ఇంకోవైపు కొత్త స్టీరియోకి. ఖర్చు కొన్ని వందల రూపాయల్లోనే. దీన్ని మిగుల్చుకోవడానికి కంపెనీ వైరింగ్ కోసేశారంటే, రేపు ఆ బండిలో ఏ వైరు ఎక్కడికి పోతుందో కనుక్కోవడానికే నాలాంటివాడికి పూట పడుతుంది. స్టీరింగ్ మీద బటన్లు, కంపెనీ రివర్స్ కెమెరా, స్క్రీన్‌లో బండి సెట్టింగులు ఉన్న మోడల్ అయితే మామూలు కప్లర్ చాలదు, క్యాన్ బాక్స్ కావాలి, అంటే బండి కంప్యూటర్ మాట కొత్త స్టీరియోకి అర్థమయ్యేలా మార్చే చిన్న డబ్బా. అది మీ మోడల్‌కీ, తయారైన సంవత్సరానికీ సరిపోయేదేనా అని స్టీరియో కొనకముందే అడగండి.

నొక్కి బిగించే రెడీమేడ్ ట్యాప్ క్లిప్పులు వస్తాయి చూడండి, వైరు తోలు చీల్చుకుని లోపలికి దిగేవి, అవి నాకు నచ్చవు. సన్న వైరులో సగం పోగులు తెంపేస్తాయి. ఎక్కడైనా తప్పక జాయింట్ వేయాల్సి వస్తే సరైన సైజు క్రింప్ స్లీవ్ వేసి మంచి ప్లయర్‌తో నొక్కాలి, లేదా సాల్డర్ చేయాలి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి. మామూలు ఇన్సులేషన్ టేప్ మన ఎండలకు పనికిరాదు. 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అలిపిరి దగ్గర పార్కింగ్‌లో నిలిపిన కారు లోపల 60 దాటడం వింతేమీ కాదు, డాష్‌బోర్డు అంతకంటే ఎక్కువ కాలుతుంది. కంపెనీ వైరింగ్ మీద ఉండే బట్టలాంటి టేప్ ఉంది కదా, వైర్లను కట్టగా చుట్టడానికి అది అడగండి, వేడికి జిగురు కారదు, వైర్లు ఊగి టకటకమనవు.

స్టీరియో వైర్ల రంగులు నేను తెలుసుకోవాలా?

నాలుగు తెలిస్తే చాలు. బయట కొనే స్టీరియోల్లో ఎక్కువగా పసుపు అంటే ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు అంటే తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, నీలం మీద తెల్ల గీత అంటే యాంప్‌ను లేపే రిమోట్ వైరు. స్టీరియో వెనక కనబడే ఈ పసుపు సన్నని ఒంటి వైరు, ఎయిర్‌బ్యాగ్‌ది పసుపు కప్లర్, రెండూ వేరని గుర్తుంచుకోండి. పసుపు, ఎరుపు తారుమారైతే బండి ఆపిన ప్రతిసారీ సెట్టింగులు పోతాయి. అది ఇబ్బందే కానీ డ్యామేజ్ కాదు. పసుపు, ఎరుపు రెండూ కలిపి కట్టేయడం మాత్రం ప్రమాదం, అప్పుడు స్టీరియో నిద్రపోదు, బ్యాటరీని తాగుతూనే ఉంటుంది.

స్పీకర్ వైర్ల గురించి ఒక్క మాట. ఈకాలం స్టీరియోల్లో స్పీకర్ నెగటివ్ అంటే ఎర్త్ కాదు. రెండు వైర్లలో ఏదీ బాడీకి తగలకూడదు. పాత అలవాటుతో నెగటివ్‌ను బాడీకి కట్టేస్తే లోపలి ఐసీ చిప్పు పోతుంది.

సెట్ వేసినప్పటి నుంచి రెండు రోజులు ఆపితే బండి స్టార్ట్ కావడంలేదు. బ్యాటరీ మార్చమంటున్నారు. మార్చాలా?

మార్చకండి, ముందు కొలిపించండి. మన కరకంబాడిలోనే అమరరాజా వాళ్ళు అమరాన్ బ్యాటరీలు తయారుచేస్తున్నారు, ఊర్లో ఏ మూలకు పోయినా కొత్త బ్యాటరీ దొరుకుతుంది, అందుకేనేమో ఇక్కడ బ్యాటరీ మార్చడం మొదటి మందు అయిపోయింది. కరెంటు కారిపోయే దారి మూయకుండా కొత్త బ్యాటరీ పెడితే అదీ కొన్నాళ్ళకు అలాగే అవుతుంది.

లెక్క చూడండి. బండి నిద్రపోయాక మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లలోపే లాగాలి. సరిగా నిద్రపోని ఆండ్రాయిడ్ స్టీరియో, లేదా రిమోట్ వైరు ఎప్పుడూ కరెంటు ఉండేచోట కట్టిన యాంప్ 300 మిల్లీ ఆంపియర్లు లాగితే రోజుకు 7 ఆంపియర్ అవర్ల పైనే పోతుంది. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు ఉంటుంది, అంటే మూడో రోజుకు సగం ఖాళీ. లెడ్ యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ అట్లా దించితే లోపల ప్లేట్లు గట్టిపడి మళ్ళీ పూర్తిగా ఛార్జ్ పట్టవు.

కొలిచే పద్ధతి: బండి ఆపి, తలుపులు మూసి, తాళంచెవి దూరంగా పెట్టి, నెగటివ్ టెర్మినల్‌కీ దాని వైరుకీ మధ్య మల్టీమీటర్ 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, అరగంట ఆగాలి. కొత్త బండ్లలో కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత టైం పడుతుంది, వెంటనే చూసి భయపడొద్దు. మీటర్ ఉండగా ఇగ్నిషన్ వేయకండి, స్టార్ట్ అసలే చేయకండి, మీటర్ ఫ్యూజ్ పోతుంది. రీడింగ్ ఎక్కువుంటే స్టీరియో ఫ్యూజ్ తీసి చూడండి, పడిపోయిందా, దొంగ అక్కడే. సెట్ వేయించకముందే ఒకసారి కొలిపించి నంబరు రాసి పెట్టుకుంటే తర్వాత వాదనే ఉండదు.

యాంప్‌కు వైరు ఎంత లావుండాలి? ఫ్యూజ్ ఎక్కడుండాలి?

ఫ్యూజ్ ముందు చెప్తాను, ఎందుకంటే కారు కాలిపోయేది దీనివల్ల. బ్యాటరీ నుంచి రెండు జానల లోపు, అంటే 45 సెంటీమీటర్లకు మించకుండా ఫ్యూజ్ ఉండాలి. "యాంప్‌లోనే ఫ్యూజ్ ఉందికదన్నా" అంటారు. అది యాంప్‌ను కాపాడుతుంది. బానెట్ నుంచి డిక్కీ దాకా నాలుగైదు మీటర్లు పోయే వైరును కాపాడేది ఎవరు? మధ్యలో ఎక్కడ తోలు తెగి రేకుకు తగిలినా బ్యాటరీ వందల ఆంపియర్లు అందులోకి తోస్తుంది, వైరు ఎర్రగా కాలుతుంది, చుట్టూ ఉన్నది కార్పెట్టు, ఫోము.

వైరు ఇంజన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే రేకు రంధ్రంలో రబ్బరు గ్రొమెట్ తప్పనిసరి. ఒట్టి రేకు అంచు కత్తిలాంటిది, ఇంజన్ అదురు ఆ వైరును రోజూ కోస్తూనే ఉంటుంది.

ఇక లావు. యాంప్ డబ్బా మీద రాసిన పెద్ద నంబరు వదిలేసి ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల అసలు పవర్, ఎంతో చూడండి. 400 వాట్ల ఆర్‌ఎంఎస్ ఇచ్చే క్లాస్ డి యాంప్ (కరెంటు తక్కువ వృథా చేసే రకం) సుమారు 500 వాట్లు లాగుతుంది, 13.5 వోల్టుల దగ్గర అది 37 ఆంపియర్లు. అంత దూరానికి దానికి నాలుగు గేజ్ వైరు (గేజ్ నంబరు తగ్గేకొద్దీ వైరు లావు) వేస్తే నిశ్చింత, అది సుమారు 21 చదరపు మిల్లీమీటర్ల రాగి. ఎనిమిది గేజ్ 8 చదరపు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ, చిన్న యాంప్‌కు సరిపోతుంది. ఫ్యూజ్ సైజు వైరు మోయగలిగే దాన్ని దాటకూడదు. మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజ్ వేయడం అంటే, అరుస్తున్న కుక్క నోరు కట్టేసి పడుకున్నట్టు.

ఇంకో సంగతి, సంచిలో పెట్టి అమ్మే చవక వైరింగ్ కిట్లలో ఎక్కువ భాగం అచ్చం రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. కొస దగ్గర బ్లేడుతో ఒక పోగు గీకండి, లోపల తెల్లగా మెరిస్తే అదే. అది అదే సైజు రాగి కంటే ఎక్కువ వేడెక్కుతుంది, లగ్గుల దగ్గర, అంటే వైరు కొసకు బిగించే రింగుల దగ్గర, పుప్పిపోతుంది. తోలు లావుగా చేసి లోపల పోగులు తక్కువ పెట్టినవీ ఉన్నాయి, కాబట్టి వైరు పైన చూసి కాదు, కోసిన కొసలో చూసి కొనండి.

ఎర్త్ ఎక్కడ కట్టినా ఒకటేనా?

కాదు. పెయింట్ మీద బిగించిన ఎర్త్ ఎర్త్ కాదు. బాడీ గట్టి రేకు ఉన్నచోట పెయింట్ గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక, లగ్గు వేసి బోల్టుతో బిగించి, పైన పెయింటో గ్రీజో పూయాలి, లేకపోతే ఆ గీకినచోటే తుప్పు మొదలై వ్యాపిస్తుంది. ఎర్త్ వైరు కూడా కరెంటు వైరంత లావే ఉండాలి, వీలైనంత పొట్టిగా. సీటు బెల్టు బోల్టు దగ్గర అందుబాటుగా ఉంటుందని అక్కడ బిగిస్తారు, వద్దనే చెప్పండి. అది యాక్సిడెంట్‌లో మీ బరువు మోయాల్సిన బోల్టు, దాని కింద ఇంకో వాషరో లగ్గో దూర్చే పని కాదు.

సిగ్నల్ దగ్గర ఇంజన్ తనంతట తనే ఆగే బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీద ఒక సెన్సర్ ఉంటుంది, బ్యాటరీలోకి వచ్చేది పోయేది లెక్కపెడుతుంది. యాంప్ ఎర్త్ నేరుగా ఆ టెర్మినల్ బోల్టుకు కడితే ఆ కరెంటు లెక్కలోకి రాదు, ఛార్జింగ్ తప్పుతుంది. బాడీకే కట్టాలి.

బేస్ బాక్స్ కదలకుండా డిక్కీలో స్క్రూలు కొట్టించొచ్చా?

కింద ఏముందో పడుకుని చూడకుండా ఒక్క స్క్రూ కూడా వద్దు.

చంద్రగిరి వైపు నుంచి ఒక హ్యాచ్‌బ్యాక్ వచ్చింది నా దగ్గరికి, రివర్స్ కెమెరా పనిచేయడంలేదని. వెనక సీటు ఎత్తగానే పెట్రోలు వాసన. సీటు కింద చదునుగా జాగా ఉందని యాంప్‌ను అక్కడ నాలుగు పొడవు స్క్రూలతో బిగించారు, ఏ షాపో నాకు అనవసరం. అందులో ఒకటి రేకు దాటి కిందికి దిగి, ట్యాంకు పైనుంచి పోయే సన్నపు గొట్టాన్ని ఒరుసుకుంటోంది. గొట్టం ఇంకా పూర్తిగా తెగలేదు, చెమ్మ మాత్రం తేలింది. అందులో ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకుని వారం ముందే కాణిపాకం పోయొచ్చామని ఆయన చెప్తుంటే నాకు చేతులు ఆడలేదు. చాలా చిన్న కార్లలో పెట్రోలు ట్యాంకు సరిగ్గా వెనక సీటు కిందే ఉంటుంది. బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు ఫ్లోర్ కింద పొడవునా పోతాయి. పైనుంచి కార్పెట్టు చూస్తే ఇవేవీ తెలియవు.

యాంప్‌ను బేస్ బాక్స్ చెక్కకో, విడిగా ఒక ప్లైవుడ్ ముక్కకో బిగించి, ఆ ముక్కను బండిలో ముందే ఉన్న బోల్టులకు బిగించొచ్చు. బాక్సును బెల్టుతో కట్టొచ్చు. కట్టకుండా వదిలేయడం కూడా తప్పే, గట్టి బ్రేకు పడితే 20 కిలోల బాక్సు సీటు మీదికి వస్తుంది. ఏదైనా రంధ్రం తప్పనిసరై వేస్తే డ్రిల్లు బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవాలి, ఇనుప రజను మొత్తం వాక్యూమ్‌తో లాగేయాలి, రంధ్రం అంచుకు పెయింట్ పూయాలి.

డోర్ స్పీకర్లు మార్పించాను. ఇప్పుడు మ్యాట్ తడుస్తోంది. దానికీ దీనికీ సంబంధముందా?

నూటికి తొంభై పాళ్ళు ఉంది. అద్దం మీద పడ్డ వాన నీళ్ళు కొంత డోర్ లోపలికి దిగుతాయి, కంపెనీ వాడికి ఆ సంగతి తెలుసు, అందుకే డోర్ అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు పెట్టాడు, లోపలి వైపు ఒక ప్లాస్టిక్ షీటు నల్లటి జిగురుతో అంటించాడు. ఆ షీటు నీళ్ళను డోర్‌లోనే ఉంచి కిందికి పంపుతుంది. స్పీకర్ మార్చేటప్పుడు దాన్ని చించేసి, లేదా కొంచెం లాగి వదిలేసి డోర్ ప్యాడ్ మూసేస్తే, నీళ్ళు ప్యాడ్ వెనక నుంచి కారి కాళ్ళ దగ్గరికి వస్తాయి.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు ఉంది. జనం సెట్లు ఎక్కువగా ఉగాదికో, వేసవి సెలవుల్లో ఊర్లకు పోయే ముందో వేయిస్తారు. మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలప్పుడు. అప్పటికి ఐదారు నెలలు దాటి ఉంటుంది, స్పీకర్లు మార్పించిన సంగతి ఎవరికీ గుర్తుండదు, సన్‌రూఫ్ అనో ఏసీ పైపు అనో వెతుకుతారు. ఈలోగా కార్పెట్టు కింద ఫోము కుళ్ళుతుంది, ఫ్లోర్ తుప్పు పడుతుంది, కొన్ని బండ్లలో డాష్‌బోర్డు కింద కాళ్ళ పక్కనే ఉండే కంట్రోల్ యూనిట్ కప్లర్లలో పచ్చగా చిలుము పడుతుంది.

అందుకని స్పీకర్ మార్చిన రోజే పరీక్ష చేయించండి. ప్యాడ్ పెట్టకముందు, అద్దం మూసి, పైనుంచి నాలుగు చెంబుల నీళ్ళు మెల్లగా పోయండి. అడుగు రంధ్రాల నుంచి నీళ్ళు బయటికి రావాలి, షీటు ఇటువైపు ఒక్క చుక్క రాకూడదు. షీటు చినిగి ఉంటే బ్యూటైల్ టేప్‌తో అతికించవచ్చు. శబ్దం తగ్గాలని డంపింగ్ షీట్లు వేయిస్తే ఆ అడుగు రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి, మూస్తే డోర్ ఒక తొట్టి అవుతుంది.

స్పీకర్ మాగ్నెట్ లోతు కూడా చూడాలి. బిగించే ముందు అద్దం పూర్తిగా కిందికి దించి, మాగ్నెట్‌కు తగలడంలేదని తెలుసుకోవాలి. తగిలితే రేకు కోయడం కాదు, సరైన ప్లాస్టిక్ రింగు వేసి స్పీకర్‌ను ముందుకు తేవాలి. వైరు డోర్‌లోకి పోయేది బాడీకీ డోర్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టంలోనుంచే. బయటినుంచి వేలాడేస్తే తలుపు మూసిన ప్రతిసారీ నలుగుతుంది.

కొండ దిగేటప్పుడు డోర్‌లో టకటకమంటోంది. ఊర్లో రాదు.

తిరుమలకు 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డులో ఎక్కుతాం, ఎక్కేటప్పుడు ఇంజన్ మోతలో ఏమీ వినబడదు. దిగేది 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో, యాక్సిలరేటర్ మీద కాలు ఉండదు, మలుపు మీద మలుపు, బాడీ అటూ ఇటూ మెలితిరుగుతుంది, వదులైనది ఏదైనా అక్కడే పలుకుతుంది. ఎక్కువగా డోర్ ప్యాడ్ క్లిప్పులు విరిగి ఉంటాయి. అవి చవక ప్లాస్టిక్, విప్పితే రెండు మూడు విరగడం సహజం. విరిగినవాటి బదులు కొత్తవి వేయకుండా మూసేస్తేనే తప్పు. పనికి ముందే మీ మోడల్ క్లిప్పులు ఒక పది కొని ఇవ్వండి. స్క్రూడ్రైవర్‌తో పెకలించకుండా ప్లాస్టిక్ పట్టీలతో తీస్తే అంచులు కూడా బాగుంటాయి.

ఇంజన్ రైజ్ చేస్తే స్పీకర్లో కూయ్‌మని కూత వస్తోంది.

ముందు ఎర్త్ చూడండి, ఎక్కువగా అక్కడే. తర్వాత, కరెంటు వైరు, స్టీరియో నుంచి యాంప్‌కు పాట తీసుకుపోయే ఆర్‌సీఏ కేబుల్ ఒకే వైపు నుంచి లాగారేమో చూడండి, ఒకటి కుడి గుమ్మం కింద నుంచి, ఇంకోటి ఎడమ నుంచి పోవాలి. ఫిల్టర్ కొనడం చివరి దారి. ఆన్‌లో ఉండగా ఆర్‌సీఏ పీకడం, పెట్టడం చేయకండి.

స్పీకర్లు తరచూ పోతున్నాయి, ఎక్కువ వాట్లవి వేయించనా?

వాట్లు తక్కువై పోవడం అరుదు. స్టీరియో వాల్యూమ్ చివరిదాకా పెట్టి, బేస్ బూస్ట్ వేసి, యాంప్ గెయిన్ పూర్తిగా తిప్పేస్తే శబ్దం కొసలు తెగి గరగరమంటుంది, ఆ తెగిన శబ్దమే ట్వీటర్‌ను కాలుస్తుంది. గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో పంపే సిగ్నల్‌కు యాంప్‌ను సరిచేసే నాబ్. వాల్యూమ్ ముప్పాతిక దగ్గర పెట్టి, గెయిన్ మెల్లగా పెంచుతూ, గర మొదలయ్యేచోట ఆగి కొంచెం వెనక్కి తిప్పండి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్, సీఎన్‌జీ బండ్లకు వేరే జాగ్రత్తలున్నాయా?

ఎలక్ట్రిక్, స్ట్రాంగ్ హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుల్ కనబడితే అది ప్రాణం తీసే వోల్టేజీ, ఆ పక్కకే డ్రిల్లు పోకూడదు. వాటిలోనూ స్టీరియో నడిచేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ మీదే, కానీ పెద్ద బ్యాటరీ ఫ్లోర్ కిందో, సీటు కిందో, డిక్కీలోనో ఉంటుంది కాబట్టి ఫ్లోర్‌లో స్క్రూ అన్న మాటే లేదు. మారుతి స్మార్ట్ హైబ్రిడ్ లాంటివాటిలో మామూలు బ్యాటరీతోపాటు ఒక చిన్న లిథియం బ్యాటరీ కూడా ఉంటుంది, దానికి ఏదీ కట్టకండి. సీఎన్‌జీ బండిలో సిలిండర్, దాని పైపులు ఉన్న డిక్కీలో వాసన వస్తుంటే సాల్డరింగ్, డ్రిల్లు మొదలుపెట్టనే వద్దు.

వారంటీ పోతుందా? ఇన్సూరెన్స్ వస్తుందా?

బయట సెట్ వేయించినంత మాత్రాన ఇంజన్ వారంటీ పోదు. కానీ వైరింగ్ కోసి ఉంటే కరెంటుకు సంబంధించిన క్లెయిమ్ కాదనడానికి వాళ్ళకు దారి దొరుకుతుంది, కప్లర్ వేయమని నేను పట్టుబట్టేది ఇందుకు కూడా. ఇన్సూరెన్స్‌లో బయట వేసిన ఎలక్ట్రికల్ వస్తువులను ఐఎంటీ 24 అనే అదనపు క్లాజు కింద అదనపు ప్రీమియం కట్టి చేర్పించుకోవచ్చు, చేర్చకపోతే వాటి నష్టం మీదే. సెట్ బిల్లు తీసుకోండి, బిల్లు లేకుండా వెయ్యి తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను, అందులో ఎవరో వేసిన సెట్ ఉంది. ఏం చూడాలి?

బ్యాటరీ పాజిటివ్ దగ్గర అదనపు వైరు ఉందా, దానికి ఫ్యూజ్ ఉందా? ఈ ఒక్కటి కొన్న రోజే చూడండి, ఫ్యూజ్ లేకపోతే అక్కడికక్కడే విప్పేయండి. తర్వాత తీరిగ్గా స్టీరియో బయటికి లాగి జాయింట్లు, వెనక సీటు ఎత్తి యాంప్, కార్పెట్టు ఎత్తి చెమ్మ. చాలాసార్లు యాంప్ తీసేసి, వైరు కొస మాత్రం డిక్కీలో టేపు చుట్టి వదిలేస్తారు, అందులో ఇంకా కరెంటు ఉంటుంది. కప్లర్ల పిన్నులు పచ్చబడి, సీటు కింద మూలల్లో ఎండిన బురద కనబడితే, అది సెట్ వేసినవాడి తప్పు కాకపోవచ్చు. 2021 నవంబరులో తిరుపతిలో, 2015లోనూ 2023 డిసెంబరులోనూ చెన్నైలో వరదలు వచ్చాయి, ఆ నీళ్ళలో మునిగిన బండ్లు తుడిచి పాలిష్ పెట్టి అమ్మకానికి వచ్చాయి.

నేనే చేసుకోవచ్చా?

కప్లర్‌తో స్టీరియో మార్చడం, డోర్ స్పీకర్లు మార్చడం ఓపికున్నవాళ్ళు ఆదివారం చేసుకోవచ్చు. మల్టీమీటర్ కొనుక్కోండి, టెస్ట్ ల్యాంప్ వద్దు, కొత్త బండ్లలో డేటా వైర్లకు బల్బు పెడితే ఆ బల్బు లాగే కరెంటుకే కంట్రోల్ యూనిట్ దెబ్బతినొచ్చు. యాంప్, బ్యాటరీ వైరు మొదటిసారి మాత్రం తెలిసినవాళ్ళ పక్కన ఉండి చేయండి.

పని అయిపోయింది. డబ్బులిచ్చే ముందు ఏం చూసుకోవాలి?

ఇగ్నిషన్ వేసి డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ లైట్లు వెలిగి ఆరుతున్నాయా. హారన్, ఇండికేటర్లు, రివర్స్ లైటు, నాలుగు అద్దాలు, సెంట్రల్ లాక్, ఏసీ స్పీడు అన్నీ ఒకసారి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య ఉండాలి, కొత్త స్మార్ట్ ఛార్జింగ్ బండ్లలో కాస్త అటూ ఇటూ అవుతుంది. పావుగంట గట్టిగా పాట పెట్టి, ఆపి, ఫ్యూజ్ హోల్డర్‌నూ లగ్గులనూ చేత్తో తాకండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే అక్కడ బిగింపు సరిగాలేదు. రాత్రి ఇంటికి వచ్చి బండి లాక్ చేశాక, అరగంట తర్వాత చీకట్లో అద్దంలోంచి చూడండి, స్టీరియోలో గానీ యాంప్‌లో గానీ ఏ లైటూ వెలుగుతూ ఉండకూడదు.

పాత స్టీరియో, స్పీకర్లు షాపులోనే ఇచ్చేయమంటున్నారు, రెండు మూడొందలు తగ్గిస్తారట.

ఇవ్వకండి, ఇంటికి తెచ్చుకోండి. బ్రాకెట్లు, స్క్రూలు, డాష్‌బోర్డు ఫ్రేము కూడా ఒక కవర్లో వేసి, ఏ స్క్రూ ఎక్కడిదో చిన్న కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. బండి అమ్మేటప్పుడు కంపెనీ సెట్ తిరిగి పెట్టుకోవచ్చు, కొత్త సెట్ మీకే మిగులుతుంది. ప్యానెల్ మూసే ముందు తీసిన ఫొటోలు కూడా ఫోన్ మారినప్పుడు పోకుండా దాచుకోండి, నాలుగేళ్ళ తర్వాత ఆ బండి విప్పేవాడికి అవే దారి చూపిస్తాయి.